ఫంగస్‌కు ఏ నూనె? సుగంధ తైలాల్లో ఏది ఎక్కడ పనికొస్తుంది

ఈశాన్య రుతుపవనాలు దిగిన అక్టోబరు నుంచి డిసెంబరు చివరి దాకా చెన్నైలో బీరువా తలుపు తీస్తే ముందుగా ముక్కుకు తగిలేది బూజు వాసన. తోలు చెప్పుల మీద బూడిదరంగు పొర, పుస్తకాల అట్టల మీద మచ్చలు, వాననీటిలో నానిన కాలివేళ్ల సందుల్లో దురద, తలలో చుండ్రు, ఇవన్నీ వేరువేరు శిలీంధ్రాల పనే అయినా మన ఇళ్లలో అన్నిటికీ కలిపి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఫంగస్‌కు ఏ నూనె మంచిది?’ మాంబళంలో ఒకరు వేప నూనె అంటారు, పెరంబూరులో ఉన్న బంధువు టీ ట్రీ అంటారు, ఊరి నుంచి ఫోన్ చేసిన పెద్దమ్మ లవంగ నూనె అంటుంది. ఈ ప్రశ్నను రెండుగా విడదీస్తే తప్ప సరైన జవాబు దొరకదని నా అభిప్రాయం. సీసాలో ఉన్న ముఖ్య రసాయనం ఏది, ఎంత శాతం ఉంది అన్నది మొదటిది. దాన్ని ఒంటి మీద వాడతామా, బీరువాలో వాడతామా అన్నది రెండోది. చెట్టు పేరు ఈ రెండింటిలో దేనికీ పూర్తి జవాబు చెప్పదు.

వేప నూనెను ముందే ఈ పోటీ నుంచి తప్పించాలి. వేపగింజలను గానుగాడి తీసే ఆ నూనె కొబ్బరినూనె, నువ్వులనూనెల కోవకు చెందిన జిడ్డు నూనె. అది గాలిలోకి ఆవిరైపోదు. సుగంధ తైలం, అంటే దుకాణాల్లో ఎసెన్షియల్ ఆయిల్ అని అడిగేది, ఆకు గుండానో మొగ్గల గుండానో నీటి ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి మీద తేలినదాన్నో అడుగుకు దిగినదాన్నో వేరుచేసి తీసేది. చెన్నైలో ఈ తేడా తేలికగా మరుగున పడుతుంది, ఎందుకంటే నాట్టుమరుందు కడైలో, అంటే నాటుమందుల అంగడిలో, నువ్వులనూనెలో మూలికలు వేసి కాచిందీ ‘తైలమే’, నీలగిరి తైలమూ ‘తైలమే’. ఇంట్లో తేల్చుకోవడానికి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చాలు. నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం ఎగిరిపోయి ఉంటాయి. జిడ్డు నూనె కలిపినదైతే బజ్జీలు చుట్టిన కాగితంలా పారదర్శకమైన వలయం మిగులుతుంది. లవంగ నూనె నిదానంగా ఆవిరవుతుంది కాబట్టి దానికి ఇంకొన్ని రోజులు గడువు ఇవ్వాలి.

రసాయనాల వరుస

శిలీంధ్ర కణం చుట్టూ ఉండే పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మన కణాల్లో ఆ స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. క్లోట్రిమజోల్ వంటి మందులు ఎర్గోస్టెరాల్ తయారయ్యే దారిలో ఒక నిర్దిష్టమైన ఎంజైమును అడ్డుకుంటాయి గనుక, మన చర్మానికి పెద్దగా హాని చేయకుండా శిలీంధ్రాన్ని నిలవరించగలుగుతాయి. సుగంధ తైలాల్లోని అణువులకు అంత గురి లేదు. అవి నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఆ గుణంతోనే కణపొరలోకి చొరబడి, దాన్ని వదులు చేసి, లోపలి పొటాషియం వంటివి బయటికి కారిపోయేలా చేస్తాయి. మన చర్మ కణానికీ కొవ్వు పొరే ఉంది. శిలీంధ్రాన్ని బాగా చంపే నూనె చర్మాన్నీ బాగా మండించడం అందుకే యాదృచ్ఛికం కాదు. ఎంపికలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ప్రయోగశాల ఫలితాలను కలిపి చూస్తే స్థూలంగా ఒక వరుస కనిపిస్తుంది. ఫినాళ్లు, ఆల్డిహైడ్లు అనే రసాయన జాతులు అన్నిటికన్నా బలమైనవి: లవంగంలోని యూజెనాల్, వాములోని థైమాల్, దాల్చిన బెరడులోని సినమాల్డిహైడ్, నిమ్మగడ్డిలోని సిట్రాల్ ఈ కోవవి. వాటి తరువాత ఆల్కహాళ్లు, అంటే టీ ట్రీలోని టెర్పినెన్-4-ఓల్, పామరోజా గడ్డిలోని జెరానియాల్ వస్తాయి. నీలగిరి తైలంలోని 1,8-సినియోల్ అంతకన్నా బలహీనం. నారింజ, నిమ్మ తొక్కల నూనెలో ఎక్కువగా ఉండే లిమొనీన్ వంటి హైడ్రోకార్బన్లు చివర నిలుస్తాయి. వాసన ఘాటుకూ ఈ వరుసకూ సంబంధం లేదు. నీలగిరి తైలం గదంతా నిండిపోతుంది, కాని బూజును ఆపడంలో లవంగ నూనె దరిదాపుల్లోకి రాదు.

‘మా నూనె చుట్టూ శిలీంధ్రం పెరగని వలయం ఇంత పెద్దది వచ్చింది’ అని చూపే ప్రయోగశాల ఫోటోల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. శిలీంధ్రాన్ని పెంచే అగార్ జెల్లీలో ఎక్కువ భాగం నీరే కాబట్టి అందులో నూనె సరిగా పాకదు. కొంత భాగం గాలిలోకి పోతుంది. అందువల్ల వలయం చిన్నదైనంత మాత్రాన నూనె బలహీనమనీ, పెద్దదైతే బలమైనదనీ చెప్పలేము. ఎంత తక్కువ గాఢతలో శిలీంధ్రం పెరుగుదల ఆగిందో చెప్పే అంకె ఇంతకన్నా నమ్మదగినది. బీరువా కోసం అయితే ద్రవం తగలకుండా ఆవిరి ఒక్కటే తగిలేలా చేసిన పరీక్ష మనకు ఎక్కువ పనికొస్తుంది.

లవంగమూ దాల్చినా

రెండు నెలల కిందట చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర రాసప్ప చెట్టి వీధిలో ఒక దుకాణంలో ‘కిరాంబు తైలం’, అంటే లవంగ నూనె, అడిగితే పక్కపక్కన రెండు సీసాలు పెట్టారు. ఒకదాని ధర రెండోదానికి దాదాపు రెట్టింపు. ఒకటి మొగ్గ నూనె, రెండోది ఆకు నూనె అని అబ్బాయి చెప్పాడు గాని లేబుళ్ల మీద ఆ ముక్క లేదు. గ్లాసు నీళ్లు తెప్పించుకుని ఒక్కో చుక్క వేశాను. రెండూ ముత్యాల్లా గుండ్రంగా అడుగుకు దిగిపోయాయి. యూజెనాల్ నీటికన్నా బరువైనది కాబట్టి దిగాలి కూడా. కొబ్బరినూనె కలిపి ఉంటే పైన తేలేది. అయితే ఈ పరీక్ష మొగ్గనూ ఆకునూ వేరుచేయలేదు, రెండింటిలోనూ యూజెనాల్ సాధారణంగా 70 శాతం పైనే ఉంటుంది గనుక. డైఇథైల్ థాలేట్ వంటి వాసనలేని ద్రావణి కలిపి పలుచన చేసినా ఈ పరీక్షలో దొరకదు, ఎందుకంటే అదీ నీటికన్నా బరువే. మొగ్గ నూనెలో యూజెనైల్ ఎసిటేట్ ఎక్కువగా ఉండి వాసన మృదువుగా, తియ్యగా ఉంటుంది. బూజును ఆపే పని మాత్రం ముఖ్యంగా యూజెనాల్‌దే. అందుచేత బీరువాకు, షూ రాక్‌కు చవకైన ఆకు నూనె చాలు. ఆకు నూనె దానంతట అది మోసం కాదు, దాన్ని మొగ్గ నూనె ధరకు అమ్మడం మోసం.

దాల్చిన విషయంలో తేడా ఇంకా పెద్దది. బెరడు నూనెలో ప్రధానంగా సినమాల్డిహైడ్ ఉంటుంది. అదే చెట్టు ఆకు నూనెలో ప్రధానంగా యూజెనాల్ ఉంటుంది. అంటే ‘దాల్చిన ఆకు నూనె’ రసాయనపరంగా దాల్చినకన్నా లవంగానికే దగ్గర చుట్టం. సినమాల్డిహైడ్ శిలీంధ్రం ప్రోటీన్లను పట్టుకుని పనిచేస్తుంది, చర్మపు ప్రోటీన్లనూ అదే తీరున పట్టుకుని అలర్జీ తెస్తుంది. చర్మం మీద దీనికి సూచించే గరిష్ఠ గాఢత 0.07 శాతం, అంటే సుమారు 70 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో ఒక్క చుక్క. అంత పలుచన చేసి వాడే కష్టం ఎందుకు? ఇంట్లో ఒంటి మీద వాడకానికి బెరడు నూనెను జాబితా నుంచి కొట్టేయడమే మేలు. లవంగ నూనెకు ఈ పరిమితి అర శాతం, పది మిల్లీలీటర్లకు ఒక చుక్క.

నిమ్మగడ్డి, దాని చుట్టాలు

నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ సాధారణంగా 70 నుంచి 85 శాతం దాకా ఉంటుంది. సిట్రాల్ అంటే జెరానియల్, నెరల్ అనే జంట ఆల్డిహైడ్ల మిశ్రమం. కేరళ నుంచి ఎగుమతయ్యే ఈ నూనెకు వ్యాపారంలో ‘కొచ్చిన్ ఆయిల్’ అనే పేరు ఉంది. మన చేతికి అందే వాటిలో ధరకూ పనికీ పొత్తు బాగా కుదిరేది ఇదేనని నేను అనుకుంటాను, ముఖ్యంగా ఆవిరి రూపంలో. కాండిడా వంటి శిలీంధ్రాల మీద నిమ్మగడ్డి నూనె ఆవిరి ద్రవంకన్నా బాగా పనిచేసిన ప్రయోగాలు ఉన్నాయి. తాటాకు గ్రంథాలకు నిమ్మగడ్డి నూనె, సిట్రొనెల్లా నూనె పూయడం దక్షిణాదిన తెలిసిన పద్ధతే; సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు దాచిన చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారాన్ని చూసినవారికి ఆ వాసన కొత్తేమీ కాదు. అక్కడ దాని పని బూజుతోనే ఆగదు, పురుగులను దూరం పెట్టడమూ ఎండిన ఆకు విరగకుండా మెత్తబరచడమూ కూడా ఉంటాయి.

ఒకే గడ్డి కుటుంబమైనా జావా రకం సిట్రొనెల్లాలో ప్రధానంగా ఉండేది సిట్రొనెల్లాల్, పామరోజాలో ఎక్కువ భాగం జెరానియాల్. సిట్రొనెల్లా దోమలకు పేరుపొందినది. బూజుకోసం దాన్ని ప్రత్యేకంగా కొనవలసిన అవసరం లేదు. పామరోజా కొంచెం ఖరీదు, గులాబీని తలపించే వాసన, నిమ్మగడ్డికన్నా చర్మానికి సౌమ్యం. నిమ్మగడ్డి ఘాటు పడనివారికి ఇది ప్రత్యామ్నాయం.

టీ ట్రీ: పేరు ఎంత, పని ఎంత

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు చెందిన మెలల్యూకా చెట్టు ఆకు నుంచి తీసే ఈ నూనెకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐఎస్ఓ 4730, 2017 నాటి సవరణ ప్రకారం టెర్పినెన్-4-ఓల్ 35 శాతానికి తగ్గకూడదు, సినియోల్ 10 శాతం మించకూడదు. సుగంధ తైలాల్లో మనుషుల మీద సక్రమమైన పరీక్షలు జరిగిన అరుదైన నూనె కావడమే దీని అసలు గొప్ప. ఆ పరీక్షలు ఏం చెప్పాయో కాస్త నిదానంగా చూడాలి.

కాలివేళ్ల మధ్య వచ్చే తామర మీద 1992లో 104 మందితో ఒక పరీక్ష జరిగింది. పది శాతం టీ ట్రీ క్రీము దురదనూ పొలుసులనూ టోల్నాఫ్టేట్ అనే మందుతో సమానంగా తగ్గించింది. కాని శిలీంధ్రం నిజంగా పోయిందా అని చూస్తే, మందు వాడినవారిలో 85 శాతానికి పోయింది, టీ ట్రీ వాడినవారిలో 30 శాతానికే, ఏ మందూ లేని ఉత్త క్రీము వాడినవారిలో 21 శాతానికి. దురద తగ్గినా లోపల శిలీంధ్రం మిగిలే ఉందన్నమాట. 2002లో గాఢతను 25, 50 శాతాలకు పెంచి చేసిన మరో పరీక్షలో ఫలితం చాలా మెరుగైంది, 50 శాతం ద్రావణంతో 64 శాతం మందికి శిలీంధ్రం పోయింది. కాని అంత గాఢతలో కొద్దిమందికి చర్మం ఎర్రబడి మందు ఆపవలసి వచ్చింది. అదే ఏడాది చుండ్రు మీద జరిగిన పరీక్షలో ఐదు శాతం టీ ట్రీ షాంపూను నాలుగు వారాలు వాడితే తీవ్రత 41 శాతం తగ్గింది, ఉత్త షాంపూతో 11 శాతం. చుండ్రుకు టీ ట్రీ షాంపూ పేరు చెప్పడానికి నేను వెనుకాడకపోవడానికి ఈ అంకెలే కారణం.

దీనికి ఒక లోపం ఉంది. గాలి, వెలుతురు తగిలిన కొద్దీ టీ ట్రీ నూనె ఆక్సీకరణ చెంది, కొత్తలో లేని అస్కారిడోల్ వంటి పెరాక్సైడ్లు పుడతాయి. అలర్జీలకు చాలావరకు ఈ పాతబడిన నూనే కారణం. మూత తీసి ఏడాది దాటిన సీసాను ఒంటికి వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే ఈ నూనెను దాని దరిదాపుల్లోకి కూడా రానివ్వవద్దు. పిల్లులకు, కుక్కలకు ఇది విషం.

వాము గురించి ఒక మాట. వాము నూనెలో థైమాల్ దండిగా ఉంటుంది. అది చల్లబడితే గట్టిపడి పలుకులుగా విడిపోతుంది. దుకాణాల్లో దొరికే వాము పువ్వు అదే, ఇక్కడి తమిళ అంగళ్లలో ఓమ ఉప్పు అనాలి. వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, కర్పూరం, మూడు పొడి పదార్థాలను ఒక సీసాలో వేసి కుదిపితే కళ్లముందే నీరుగా మారిపోయే అమృతధారను మన అమ్మమ్మల కాలం నుంచి చూస్తున్నాం; మూడూ కలిస్తే ద్రవీభవన స్థానం గది ఉష్ణోగ్రతకన్నా దిగువకు పడిపోవడమే ఆ మాయ. గ్రంథాలయాల్లో బూజు పట్టిన పుస్తకాలకు ఒకప్పుడు పెట్టెల్లో పెట్టి థైమాల్ పొగ పట్టేవారు. పనిచేసే మనుషుల ఆరోగ్యానికి మంచిది కాదనీ, కాగితాన్నీ రంగునూ పాడుచేస్తోందనీ ఆ పద్ధతిని వదిలేశారు. మనం కూడా వాము పువ్వును పుస్తకాల మధ్య పొట్లం కట్టి పెట్టకపోవడమే మంచిది.

ఏ చోటుకు ఏది

బీరువాకు, చెప్పుల అరకు నిమ్మగడ్డి నూనె మొదటి ఎంపిక, లవంగ ఆకు నూనె రెండోది. సిట్రాల్ 229 డిగ్రీల దగ్గర, యూజెనాల్ 254 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ అంతరం వల్ల నిమ్మగడ్డి తొందరగా అర నిండా వ్యాపిస్తుంది, లవంగం నిదానంగా ఎక్కువ రోజులు నిలుస్తుంది. 176 డిగ్రీలకే మరిగే సినియోల్ అంతకన్నా ముందే ఎగిరిపోతుంది కాబట్టి నీలగిరి తైలం ఇక్కడ డబ్బు దండగ. ఒక చిన్న గాజు గిన్నెలో దూది పెట్టి ఐదారు చుక్కలు వేసి, రెండు వారాలకొకసారి మార్చాలి. గాజు గిన్నె అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నిరుడు కార్తీకంలో నేను దూదిని నేరుగా పాలిష్ చేసిన చెక్క అర మీద పెట్టాను. వారం తరువాత తీస్తే రూపాయి బిళ్లంత మేర వార్నిష్ కరిగి, దూది పీచు అందులో అతుక్కుపోయి కనిపించింది. ఆ చుక్క పట్టు చీర జరీ మీద పడి ఉంటే ఇంట్లో నా మాట చెల్లేది కాదు.

ఏ నూనైనా తేమను తీయలేదు. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిచిన చోట బూజు తిరిగి వస్తూనే ఉంటుంది. ఉన్న బూజును తుడిచి, బట్టలు ఎండలో ఆరబెట్టి, అరలో సిలికా జెల్ పొట్లాలు పెట్టిన తరువాతే నూనెకు పని ఉంటుంది. గోడలోంచి నీరు చెమ్మగిల్లుతుంటే మేస్త్రీని పిలవాలి. నూనె గురించి ఆలోచించే పని లేదు.

తామరకు ఏ సుగంధ తైలాన్నీ సూచించను. మన దేశంలో టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని ట్రైకోఫైటాన్ (తామర తెచ్చే శిలీంధ్రం) రకాలు విస్తరిస్తున్నాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఎరుపు తగ్గించి జబ్బును ముదరబెడుతున్నాయి. గుండ్రటి మచ్చ కనిపిస్తే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లడం తప్ప మరో ఎంపిక లేదు. షుగర్ ఉన్నవారు కాలివేళ్ల సందులకు ఇంట్లో ఏ నూనే పూయకూడదు, స్పర్శ తగ్గిన పాదానికి మంట కూడా తెలియదు. చుండ్రుకు షాంపూ రూపంలో టీ ట్రీ సరే, లేదా రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ ఇంకా నిక్కచ్చి. కాని టీ ట్రీని కొబ్బరినూనెలో కలిపి రాత్రంతా తలకు పట్టించడం తిరగబడవచ్చు. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది, మనం దానికి కూడు వడ్డించినట్టవుతుంది.

వంటింట్లో సుగంధ తైలం సీసాకు చోటు లేదు. బూజు పట్టిన వేరుశనగల్లో పుట్టిన అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ఏ నూనె వాసనా తీసివేయలేదు, వాటిని పారేయాల్సిందే. ఆవకాయకు మాత్రం మనవాళ్లు ముందే ఏర్పాటు చేశారు. ఆవపిండికి తడి తగలగానే అందులోని సినిగ్రిన్ అనే పదార్థం విడిపోయి ఎల్లైల్ ఐసోథయోసైనేట్ పుడుతుంది. ముక్కులోకి ఎక్కే ఆ ఘాటు ఒక శిలీంధ్ర నిరోధకం. దానికి తోడు ఉప్పు, పైన నాలుగు వేళ్ల మందాన నూనె. జాడీలో బూజు వచ్చిందంటే సాధారణంగా ముక్కలు నూనెలో మునగలేదనో, తడి గరిటె పెట్టారనో అర్థం.

కొనేటప్పుడు సీసా మీద వృక్షశాస్త్ర నామం, మొక్కలో ఏ భాగం నుంచి తీశారు, బ్యాచ్ సంఖ్య, ఈ మూడూ లేకపోతే వదిలేయవచ్చు. నూనెలో ఏ రసాయనం ఎంత శాతమో చెప్పే గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక అడిగితే చూపేవారు ఉంటే, అందులో ముఖ్య రసాయనం అంకెను మాత్రం చూడండి: నిమ్మగడ్డిలో సిట్రాల్ 70 పైన, లవంగంలో యూజెనాల్ 70 పైన, టీ ట్రీలో టెర్పినెన్-4-ఓల్ 35 పైన. ముదురు రంగు గాజు సీసా, పదీ పదిహేను మిల్లీలీటర్ల చిన్న పరిమాణం మేలు. రబ్బరు బుడగ ఉన్న డ్రాపర్‌ను ఈ నూనెలు మెత్తబరిచి జిగురు చేస్తాయి కనుక దాన్ని సీసాకు బిగించి ఉంచవద్దు. మూత తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాసి, పిల్లల చేతికి అందని అరలో పెట్టాలి. నీలగిరి తైలం గాని లవంగ నూనె గాని కొద్ది మిల్లీలీటర్లు మింగినా చిన్నపిల్లలను ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిందే.